హోటల్ వైఫైకి ట్రావెల్ రూటర్: నెల్లూరు, ఒంగోలు ప్రయాణికులు తరచుగా అడిగే ప్రశ్నలు

నెల్లూరులో నెట్‌వర్క్ పని చేస్తుంటాను. ఇళ్ళకీ షాపులకీ వైఫై పెట్టడం, రొయ్యల చెరువుల గట్ల మీద కెమెరాలు బిగించడం నా రోజువారీ పని. నాలుగైదేళ్ళుగా ఒకే సంగతి మీద ఫోన్లు ఎక్కువయ్యాయి. "హోటల్లో వైఫై ఉంది గానీ పనికి రావడం లేదు, చిన్న రూటర్ ఏదో ఉంటుందంట కదా, ఏది కొనాలి?" అని. అడిగేవాళ్ళలో మేత కంపెనీల టెక్నీషియన్లు ఉన్నారు, చీమకుర్తి గ్రానైట్ పని మీద ఊళ్ళు తిరిగేవాళ్ళు ఉన్నారు, బెంగళూరు ఉద్యోగాన్ని లాప్‌టాప్‌లో పెట్టుకుని తిరిగే పిల్లలు ఉన్నారు. వైద్యం కోసం చెన్నైకో వేలూరుకో వెళ్ళి వారాల తరబడి లాడ్జీల్లో ఉండే కుటుంబాలు అందరికంటే ఎక్కువ. ఒక్కొక్కరికీ ఫోన్లో చెప్పిందంతా ఇక్కడ ఒకచోట రాశాను.

ట్రావెల్ రూటర్ అంటే అసలు ఏంది? ఇంట్లో ఉన్నదానికీ దీనికీ తేడా ఏంటి?

అరచేతిలో పట్టే రూటర్. ఇంట్లో రూటర్‌కి నెట్ ఫైబర్ తీగ మీద వస్తుంది. దీనికి హోటల్ వైఫై నుంచే వస్తుంది. అటు హోటల్ వైఫైని పట్టుకుని, ఇటు మీ పేరుతో, మీ పాస్‌వర్డ్‌తో వేరే వైఫై ఇస్తుంది. దీన్నే విస్ప్ మోడ్ అనో హాట్‌స్పాట్ మోడ్ అనో అంటారు, కొన్ని కంపెనీలు రిపీటర్ మోడ్ అని కూడా అంటాయి. రూమ్‌లో ఫోన్లు, లాప్‌టాప్, ట్యాబ్ ఎన్ని ఉన్నా హోటల్ వాళ్ళ సిస్టమ్‌కి కనిపించేది ఒక్క పరికరం. ఈ ఒక్క ముక్క అర్థమైతే మిగతా ప్రశ్నలు సగం తేలిపోతాయి.

నాకు నిజంగా అవసరమా?

ఒక్క రాత్రి ఉండి పొద్దున్నే బయల్దేరేవాళ్ళకి అక్కర్లేదు. ఒక్క ఫోన్ తప్ప ఇంకేమీ వాడనివాళ్ళకీ అక్కర్లేదు. ఊరికే డబ్బు దండగ.

అవసరం ఎక్కడొస్తుందో నాకు మా అమ్మ వైద్యానికి వేలూరులో 18 రోజులు ఉన్నప్పుడు తెలిసింది. లాడ్జి కౌంటర్లో చిన్న కాగితం మీద కూపన్ నంబర్ రాసిచ్చారు, రూముకి రెండు పరికరాలే. మేం నలుగురం. నాన్న ఫోన్, నా ఫోన్, నా లాప్‌టాప్, చెల్లెలి ట్యాబ్. ఒకరు ఎక్కాలంటే ఇంకొకరు దిగాలి. పైగా ఆ లాగిన్ 24 గంటలకు ఒకసారి తెగిపోయేది, అది కూడా రాత్రి పదకొండింటికి. రిపోర్టులు చూడాలన్నా, ఊళ్ళో వాళ్ళకి వీడియో కాల్ చేసి అమ్మని చూపించాలన్నా ముందు ఈ లాగిన్ గొడవ. మూడో రోజు మా తమ్ముడు నెల్లూరు నుంచి బస్సులో వస్తూ షాపులో ఉన్న చిన్న రూటర్ తెచ్చాడు. ఆ తర్వాత మిగిలిన పదిహేను రోజులు రోజుకి ఒకసారి నేను ఒక్కడినే లాగిన్ అయ్యేవాణ్ణి. నాన్న ఫోన్ దానంతట అదే కలిసేది. ఆయన చేత ఓటీపీ కొట్టించే పని తప్పింది.

పిల్లలు, పెద్దవాళ్ళతో కలిసి నాలుగు రోజులకు మించి ఉండేవాళ్ళకి, హోటల్ రూమునే ఆఫీసు చేసుకునేవాళ్ళకి ఇది కొనమని ధైర్యంగా చెబుతాను.

ఫోన్ హాట్‌స్పాట్ ఉంది కదా, మళ్ళీ ఇదెందుకు?

4జీ, 5జీ సిగ్నల్ బాగుండి, రోజువారీ డేటా సరిపోతే హాట్‌స్పాటే మేలు. నేనూ చాలాసార్లు అదే వాడతాను. చిక్కు ఎక్కడంటే, హాట్‌స్పాట్ ఇచ్చే ఫోన్ పట్టుకుని మీరు టిఫిన్‌కి కిందికి దిగితే రూమ్‌లో అందరికీ నెట్ పోతుంది. గంటల తరబడి ఉంచితే ఫోన్ వేడెక్కిపోతుంది, ఛార్జింగ్ నిలబడదు.

డబ్బు పెట్టకుండా ఇంకో దారి ఉంది. విండోస్ 10, 11 లాప్‌టాప్‌ల్లో మొబైల్ హాట్‌స్పాట్ అనే సెట్టింగ్ ఉంటుంది. లాప్‌టాప్‌ని హోటల్ వైఫైకి కలిపి, అక్కడి నుంచి ఎనిమిది పరికరాల వరకు పంచుకోవచ్చు. కొన్ని ఆండ్రాయిడ్ ఫోన్లు కూడా వైఫైని పట్టుకుని దాన్నే హాట్‌స్పాట్‌గా పంచుతాయి. ఐఫోన్ ఆ పని చేయదు, అది మొబైల్ డేటాని మాత్రమే పంచుతుంది. ముందు ఈ రెండూ ప్రయత్నించండి. సరిపోతే రూటర్ మాట మర్చిపోండి.

ఆన్‌లైన్లో రేంజ్ ఎక్స్‌టెండర్ చవకగా దొరుకుతోంది. అదీ ఇదీ ఒకటే కదా?

కాదు. ఎక్స్‌టెండర్ హోటల్ వైఫైనే ఇంకాస్త దూరం మోస్తుంది. మీ పరికరాలు హోటల్ నెట్‌వర్క్‌లోనే ఉంటాయి, దేని లాగిన్ దానిదే. గోడకి గుచ్చే ఎక్స్‌టెండర్ కొనుక్కుని మోసపోయానని మాగుంట లేఅవుట్ నుంచి ఒకాయన షాపుకి వచ్చారు. మోసమేమీ లేదు, ఆయన కొన్న వస్తువు వేరు, ఆయనకు కావలసింది వేరు. పెట్టె మీద విస్ప్ లేదా హాట్‌స్పాట్ మోడ్ అని ఉందో లేదో చూసి కొనండి.

కొనేటప్పుడు మొట్టమొదట ఏం చూడాలి?

అందరూ పెట్టె మీద పెద్ద అంకె చూస్తారు. ఏసీ750, ఏఎక్స్1500, ఏఎక్స్3000 అని. ఈ రూటర్లలో వైఫై నడిచే రేడియో దారులు రెండు, 2.4 గిగాహెర్ట్జ్, 5 గిగాహెర్ట్జ్. వాటినే బ్యాండ్లు అంటారు. ఆ అంకె రెండు బ్యాండ్ల వేగాన్ని కలిపి గుండ్రం చేసింది. ఏసీ750 అంటే 5 గిగాహెర్ట్జ్ మీద 433 మెగాబిట్లు, 2.4 మీద 300. హోటల్ మీ రూముకి ఇచ్చేది 5 మెగాబిట్లో 10 మెగాబిట్లో అయినప్పుడు రూటర్ పెట్టె మీద మూడు వేల అంకె ఉండి లాభం లేదు. సన్న పైపు నుంచి వచ్చే నీళ్ళకి పెద్ద డ్రమ్ము పెట్టినా ధార పెరగదు కదా.

నేను ముందు చూసేది హోటల్ లాగిన్ పేజీని ఆ రూటర్ సాఫీగా దాటిస్తుందా లేదా అన్నది. హోటల్ వైఫైకి కలిసినా వెంటనే నెట్ రాదు. ఒక పేజీ తెరుచుకుని రూమ్ నంబరో, ఫోన్ నంబరో, ఓటీపీయో అడుగుతుంది. రూటర్‌కి తెర లేదు, కీబోర్డు లేదు, కాబట్టి ఆ పేజీని మీ ఫోన్ మీదికి పంపాలి. కొన్ని రూటర్లు ఈ పనిలో ఆరితేరాయి, కొన్ని తడబడతాయి. దీనికి తోడు రూటర్ మ్యాక్ అడ్రస్‌ని మార్చుకునే సౌకర్యం ఉండాలి. అదెందుకో కింద చెబుతాను.

రెండోది, రెండు బ్యాండ్లూ ఉండాలి. 2.4 మాత్రమే ఉన్న రూటర్ హోటల్ నుంచి పట్టుకునేదీ మీకు ఇచ్చేదీ ఒకే రేడియో మీద. వినడం, మాట్లాడడం రెండూ ఒకే నోటితో చేసినట్టు వేగం సగానికి పడుతుంది. పైగా 2.4లో ఒకదానికొకటి అడ్డు రాని ఛానెళ్ళు మూడే, 1, 6, 11. రొట్టెల పండగ రోజుల్లో నెల్లూరు లాడ్జీలన్నీ కిక్కిరిసి ఉంటాయి. ఒక్కో అంతస్తులో ఎన్ని ఫోన్లు ఉంటాయో ఆలోచించండి. అప్పుడు 2.4 మీద పేజీ తెరుచుకోవడమే కష్టం, 5 మీద అదే రూమ్‌లో వీడియో ఆడుతుంది. హోటల్ సిగ్నల్‌ని ఒక బ్యాండ్ మీద పట్టుకుని, ఇంకో బ్యాండ్ మీద మీకు ఇచ్చే రూటర్ అయితే ఈ బాధ ఉండదు.

మూడోది కరెంటు, దాని సంగతి వేరే ప్రశ్నలో చెబుతాను.

లాగిన్ పేజీ రావడం లేదు. ఏం చేయాలి?

ఎక్కువమంది ఆగిపోయేది ఇక్కడే కాబట్టి కొంచెం వివరంగా చెబుతాను.

మామూలుగా జరగాల్సింది ఇది. రూటర్ ఆన్ చేస్తారు. ఫోన్‌ని రూటర్ వైఫైకి కలుపుతారు. బ్రౌజర్లో రూటర్ అడ్రస్ కొట్టి దాని పేజీలోకి వెళ్ళి, కనిపిస్తున్న వైఫైల జాబితాలో హోటల్ పేరు ఎంచుకుంటారు. రూటర్ కలుస్తుంది. ఇప్పుడు ఫోన్లో ఏదైనా పేజీ తెరిస్తే హోటల్ లాగిన్ పేజీ రావాలి. ఓటీపీ కొడతారు. అయిపోయింది.

ఒంగోలు కర్నూలు రోడ్డు మీద ఒక హోటల్లో నాకు ఇది ఏ మాత్రం పనిచేయలేదు. మూడో అంతస్తు, సిగ్నల్ తలుపు దగ్గర మాత్రమే ఉంది. రూటర్‌ని తలుపు పక్కన చెప్పుల స్టాండ్ మీద పెట్టాను. హోటల్ వైఫైకి కలిసింది, ఆకుపచ్చ లైటు వెలిగింది, కానీ ఫోన్లో తెల్ల తెర. అరగంట కుస్తీ పట్టాక కారణం దొరికింది. ఫోన్లో ప్రైవేట్ డీఎన్ఎస్ అనే సెట్టింగ్‌లో నేనే ఎప్పుడో ఒక సర్వర్ పేరు ఇచ్చి ఉన్నాను. సైట్ పేరు చెబితే దాని అడ్రస్ వెతికిచ్చేది డీఎన్ఎస్, చాలా హోటళ్ళ సిస్టమ్ మనల్ని తన లాగిన్ పేజీకి మళ్ళించేది అక్కడే. దాన్ని దాటేసి బయటి సర్వర్‌ని అడగాలని ఫోన్ పట్టుబట్టింది, లాగిన్ కానిదే హోటల్ బయటికి వదలదు. ఆ సెట్టింగ్ ఆఫ్ చేయగానే పేజీ వచ్చింది.

అప్పటి నుంచి నేను పాటించే వరస చెబుతాను. ముందు ఫోన్లోనూ రూటర్లోనూ వీపీఎన్ (నెట్ రాకపోకల్ని తాళం వేసి వేరే సర్వర్ మీదుగా పంపే ఏర్పాటు) ఉంటే ఆపండి. తర్వాత ప్రైవేట్ డీఎన్ఎస్ ఆపండి. రూటర్లో ఎన్‌క్రిప్టెడ్ డీఎన్ఎస్ పెట్టుకుని ఉంటే అదీ ఆపి, దాన్ని ఆటోమేటిక్‌లో ఉంచండి. రూటర్లో డీఎన్ఎస్ రీబైండింగ్ ప్రొటెక్షన్ అని ఉంటుంది, అది ఆన్‌లో ఉంటే కొన్ని హోటళ్ళ పేజీలని దొంగ పేజీలనుకుని అడ్డుకుంటుంది. లాగిన్ అయ్యేవరకు దాన్నీ తీసేయండి. ఇవన్నీ చేశాక కూడా రాకపోతే నెవర్ఎస్ఎస్ఎల్ డాట్ కామ్ తెరవండి. తాళం గుర్తు లేని మామూలు పేజీ అది, ఇలాంటి అవసరానికే పెట్టారు. తాళం ఉన్న పేజీలని హోటల్ మళ్ళించలేదు, దీన్ని మళ్ళించగలదు.

ఇంకో కారణం అరుదే గానీ తలనొప్పి. హోటల్ నెట్‌వర్క్ అడ్రసులు, మీ రూటర్ అడ్రసులు ఒకే వరసలో ఉంటే రెండూ ఢీకొంటాయి. మీ రూటర్ 192.168.0.1 అయి, హోటల్ కూడా 192.168.0 వరసే వాడుతుంటే రూటర్‌కి ఇల్లేదో వీధేదో తెలియదు. రూటర్ సెట్టింగ్స్‌లో దాని అడ్రస్‌ని 192.168.77.1 లాంటిదానికి మార్చి పెట్టుకుంటే ఈ గొడవ దాదాపు ఎక్కడా రాదు. నేను అమ్మే ప్రతి రూటర్‌కీ ఇది ముందే మార్చి ఇస్తాను.

మ్యాక్ క్లోనింగ్ అంటే ఏంటి? చేశాను కానీ పనిచేయలేదు.

ప్రతి వైఫై పరికరానికీ ఒక గుర్తింపు సంఖ్య ఉంటుంది, అదే మ్యాక్ అడ్రస్. లాగిన్ అయిన పరికరాన్ని హోటల్ గుర్తుపెట్టుకునేది దానితోనే. లాగిన్ పేజీ రూటర్ ద్వారా రాకపోతే, ముందు ఫోన్‌నే హోటల్ వైఫైకి కలిపి లాగిన్ అయ్యి, ఆ ఫోన్ సంఖ్యని రూటర్‌కి ఇచ్చేస్తే హోటల్ రూటర్‌ని మీ ఫోనే అనుకుంటుంది.

పనిచేయకపోవడానికి కారణం ఇదీ: 2019లో వచ్చిన ఆండ్రాయిడ్ 10, 2020లో వచ్చిన ఐఓఎస్ 14 నుంచి ఫోన్లు ఒక్కో వైఫైకి ఒక్కో సంఖ్య చూపిస్తున్నాయి. మీరు రూటర్ పేజీలో క్లోన్ నొక్కినప్పుడు మీ ఫోన్ రూటర్‌కి కలిసి ఉంది. కాబట్టి రూటర్‌కి చూపిన సంఖ్యే కాపీ అవుతుంది, హోటల్‌కి చూపిన సంఖ్య వేరు. ఫోన్లో హోటల్ వైఫై పేరు మీద నొక్కి, వివరాల్లో వైఫై అడ్రస్ అని ఉన్న సంఖ్యని కాగితం మీద రాసుకుని, రూటర్లో చేత్తో కొట్టాలి. ఆరు జతలు, ఒక్క అక్షరం తప్పినా రాదు.

ఆ తర్వాత ఫోన్లో హోటల్ వైఫైని ఫర్గెట్ చేయండి. ఒకే సంఖ్యతో రెండు పరికరాలు ఒకే నెట్‌వర్క్‌లో ఉంటే రెంటికీ నెట్ వస్తూ పోతూ ఉంటుంది.

రెండు పరికరాలకే అనుమతి ఇచ్చిన చోట ఐదు వాడడం తప్పు కాదా?

ఈ ప్రశ్న అడిగినవాళ్ళ మీద నాకు గౌరవం. కొన్ని హోటళ్ళు సొంత రూటర్లు పెట్టకూడదని రాసి ఉంచుతాయి. అలా రాసి ఉంటే పెట్టకండి. రాసి లేకపోతే కౌంటర్లో ఒక మాట అడగండి. "ఇంట్లో పెద్దవాళ్ళున్నారు, చిన్న రూటర్ పెట్టుకుంటాం" అంటే నేను వెళ్ళిన చోట ఎవరూ వద్దనలేదు. పెట్టుకున్నాక ఆ కొంచెం నెట్‌ని మర్యాదగా వాడుకోవాలి. పెద్ద పెద్ద సినిమాలు డౌన్‌లోడ్ పెట్టి పడుకుంటే పక్క రూమ్‌లో పేషెంట్ కుటుంబానికి కాల్ కలవదు.

రూటర్ పెడితే స్పీడ్ పెరుగుతుందా?

హోటల్ ఇచ్చేదానికంటే పెరగదు. కూపన్‌కి ఇంత వేగం అని హోటల్ కట్టేసి ఉంటే, ఆ వేగాన్నే రూమ్‌లో అందరూ పంచుకుంటారు. హెచ్‌డీ వీడియో కాల్‌కి 3, 4 మెగాబిట్లు ఉంటే సరిపోతుంది. కాబట్టి 10 మెగాబిట్లు వస్తే ఇద్దరు హాయిగా మాట్లాడుకోవచ్చు.

కానీ సిగ్నల్ తక్కువ ఉన్న రూమ్‌లో తేడా కనిపిస్తుంది. రూటర్‌ని సిగ్నల్ బాగున్న మూల పెడితే, మంచం మీద కూర్చున్న మీకు రూటర్ నుంచి నిండు సిగ్నల్ వస్తుంది. రూమ్‌లో అడుగుపెట్టగానే ఫోన్ పట్టుకుని తలుపు దగ్గర, కిటికీ దగ్గర, టీవీ పక్కన ఒకసారి చూసుకుని ఎక్కడ పెట్టాలో నిర్ణయించుకోండి. ఎక్కువ చోట్ల తలుపు దగ్గరే బాగుంటుంది, హోటల్ వాళ్ళ పరికరం వరండా కప్పుకి ఉంటుంది కాబట్టి.

బల్ల కింద లాన్ సాకెట్ (నెట్ తీగ గుచ్చే సాకెట్) ఉంటే అదృష్టం. ఒక మీటరు కేబుల్ సంచిలో పెట్టుకోండి, దానితో వచ్చే నెట్ వైఫై కంటే నిలకడగా ఉంటుంది. టీవీకి ఉన్న కేబుల్ మాత్రం పీకకండి.

మోడల్ పేరు చెప్పండి, మాకు ఇవన్నీ ఎందుకు?

సరే. లాగిన్ పేజీల విషయంలో, సెట్టింగ్స్ విషయంలో నాకు నచ్చింది జీఎల్ ఐనెట్ కంపెనీ రకాలు. అవి ఓపెన్‌డబ్ల్యూఆర్‌టీ అనే స్వేచ్ఛా సాఫ్ట్‌వేర్ మీద కట్టినవి, పైన చెప్పిన ప్రతి మార్పూ వాటిలో చేతికి అందుతుంది. మ్యాంగో అన్నది పసుపు రంగు చిన్న డబ్బా, 2.4 మాత్రమే, ఒక్కరికి ఈమెయిల్, వాట్సాప్ వరకు సరిపోతుంది. ఓపల్ రెండు బ్యాండ్లది, కుటుంబానికి చాలు. బెరిల్ ఏఎక్స్ వైఫై 6, ధర ఎక్కువ, రోజంతా రూమ్‌లో ఆఫీసు పని, అందులోనూ వీపీఎన్ మీద చేసేవాళ్ళకి అది తగినది.

టీపీ-లింక్‌లో డబ్ల్యూఆర్902ఏసీ పాతది, ఏసీ750 రకం. లాన్ పోర్టు 100 మెగాబిట్లదే అయినా హోటల్ వేగానికి అది అడ్డు కాదు. డబ్ల్యూఆర్1502ఎక్స్ కొత్తది, వైఫై 6, టైప్-సీ ఛార్జరుతో నడుస్తుంది. సెట్టింగ్స్ జోలికి పోకుండా యాప్‌లో నాలుగు నొక్కులతో అయిపోవాలనుకునే వాళ్ళకి టీపీ-లింక్ సులువు.

మా నాన్నలాంటి వాళ్ళ కోసం అయితే ఓపల్ తీసుకుని, ఇంట్లో పిల్లలెవరైనా ముందే సర్ది ఇవ్వండి. ఆఫీసు ఉద్యోగం కోసం అయితే బెరిల్ ఏఎక్స్. విదేశాల నుంచి తెప్పించుకునే బదులు ఇక్కడ బిల్లుతో, వారంటీతో దొరికేదే కొనండి.

కరెంటు సంగతి ఏంటి?

ఈ రూటర్లు ఫోన్ ఛార్జర్ మీదే నడుస్తాయి. కొన్ని 5 వోల్టులు 1 ఆంపియర్‌తో నడుస్తాయి, కొన్నిటికి 3 ఆంపియర్లు కావాలి. పాత ఫోన్ ఛార్జర్ గుచ్చితే సరిపోక రూటర్ మాటిమాటికీ రీస్టార్ట్ అవుతుంది. "రూటర్ పాడైంది" అని నా దగ్గరికి తెచ్చినవాటిలో చాలావరకు ఛార్జర్ మార్చితే బాగైనవే. టీవీ వెనక యూఎస్‌బీ పోర్టు మీద నడపకండి, అది ఇచ్చే కరెంటు చాలదు.

ఇప్పుడు చాలా హోటళ్ళలో తలుపు పక్కన కార్డు పెడితేనే రూముకి కరెంటు. కార్డు తీసుకుని భోజనానికి వెళ్తే రూటర్ ఆరిపోతుంది. ఫ్రిజ్ సాకెట్‌కి మాత్రం ఎప్పుడూ కరెంటు ఉండే చోట్లున్నాయి, కౌంటర్లో అడగండి. లేదంటే పవర్ బ్యాంక్. 10,000 ఎంఏహెచ్ పవర్ బ్యాంక్‌లో 37 వాట్ అవర్లు ఉంటాయి. మార్పిడిలో కొంత పోయినా, 4 వాట్లు తినే రూటర్‌ని ఏడు గంటల దాకా నడుపుతుంది. ఒకవైపు ఛార్జ్ అవుతూ ఇంకోవైపు కరెంటు ఇచ్చే రకం పవర్ బ్యాంక్ అయితే జనరేటర్ మారేటప్పుడు కూడా రూటర్ ఆరదు. అన్ని పవర్ బ్యాంకులూ అలా చేయవు, కొనేముందు గుచ్చి చూడండి.

మన ఎండలకి తట్టుకుంటుందా?

చాలా రూటర్లకి 40 డిగ్రీల వరకే అని రాసి ఉంటుంది. రోహిణి కార్తెలో నెల్లూరు ఎండ దాన్ని దాటేస్తుంది. ఏసీ రూమ్‌లో ఇబ్బంది లేదు. కారు డ్యాష్‌బోర్డు మీద వదిలేయకండి, నడుస్తున్న రూటర్‌ని సంచిలో మూసి పెట్టకండి, కిటికీ అద్దం దగ్గర ఎండలో పెట్టకండి.

బ్యాంకు పనులు చేసుకోవచ్చా? రూటర్ ఉంటే భద్రమేనా?

రూటర్ ఉన్నంత మాత్రాన అంతా భద్రం అని ఎవరైనా చెబితే నమ్మకండి. హోటల్లో మిగతా గెస్టుల పరికరాలు మీ ఫోన్లని నేరుగా చూడకుండా మధ్యలో ఒక గోడ వస్తుంది, అంతవరకు నిజం. కానీ మీ రూటర్ నుంచి హోటల్ దాకా వెళ్ళేది పాత దారే. బ్యాంకు యాప్‌లు, తాళం గుర్తున్న పేజీలు తమంతట తామే ఎన్‌క్రిప్ట్ చేసుకుంటాయి కాబట్టి ఆ సమాచారం దారిలో ఎవరికీ చదవడానికి రాదు. అయినా డబ్బు పంపే పనికి నేను మొబైల్ డేటానే వాడతాను, మా ఇంట్లో వాళ్ళకీ అదే అలవాటు చేశాను.

మీరు ఏ సైట్లకి వెళ్తున్నారో కూడా హోటల్‌కి తెలియకూడదంటే రూటర్లో వీపీఎన్ పెట్టుకోవచ్చు. వైర్‌గార్డ్ రకం ఎంచుకోండి, చిన్న రూటర్లలో ఓపెన్‌వీపీఎన్ బాగా నెమ్మదిస్తుంది. ఆఫీసు లాప్‌టాప్‌లో ఇప్పటికే కంపెనీ వీపీఎన్ ఉంటే రూటర్లో ఇంకోటి పెట్టకండి, ఒక సొరంగంలో ఇంకో సొరంగం తవ్వినట్టు నెమ్మదిస్తుంది. ముందు లాగిన్ పేజీ, తర్వాతే వీపీఎన్. ఈ వరస తప్పితే రెండూ రావు.

ఫైర్ స్టిక్, పిల్లల ట్యాబ్ లాంటివి హోటల్లో ఎలా కలపాలి?

హోటల్ వైఫై మీద ఫోన్, టీవీ స్టిక్ ఒకదానికొకటి కనిపించవు. గెస్టుల పరికరాలు ఒకరివి ఒకరికి కనపడకుండా హోటల్ వాళ్ళే అడ్డు పెడతారు, అది మంచిదే. మీ రూటర్ వెనక అయితే రెండూ మీ నెట్‌వర్క్‌లోనే ఉంటాయి కాబట్టి ఫోన్లో ఉన్నది టీవీ మీద వేసుకోవచ్చు.

నేను అందరికీ చెప్పే కిటుకు ఇది: ట్రావెల్ రూటర్ వైఫైకి మీ ఇంటి వైఫై పేరే, అదే పాస్‌వర్డే పెట్టండి. పెద్ద అక్షరం చిన్న అక్షరం తేడా లేకుండా అచ్చం అలాగే. అప్పుడు హోటల్లో రూటర్ ఆన్ చేయగానే అమ్మ ఫోన్, ట్యాబ్, స్టిక్ అన్నీ ఇంటికి వచ్చామనుకుని వాటంతట అవే కలుస్తాయి. ఇంట్లో ఉన్నప్పుడు మాత్రం దీన్ని ఆపి ఉంచండి, రెండూ ఒకేసారి ఉంటే ఫోన్లు తికమకపడతాయి.

ఇంట్లో పాత రూటర్ ఉంది, అది తీసుకెళ్ళొచ్చా?

దాని సెట్టింగ్స్‌లో విస్ప్ మోడ్ ఉంటే వెళ్ళొచ్చు, మామూలు టీపీ-లింక్ రూటర్లలో కొన్నిటికి ఉంది. దాని 9 లేదా 12 వోల్టుల అడాప్టర్ మోయాలి, మామూలు పవర్ బ్యాంక్ మీద నడవదు. ఫైబర్ వాళ్ళు ఇచ్చిన డబ్బా ఈ పనికి రాదు.

నెల్లూరు రైల్వే స్టేషన్ ఉచిత వైఫైకి వాడొచ్చా?

వద్దు. రైల్‌టెల్ వాళ్ళ వైఫై రోజుకి మొదటి 30 నిమిషాలే ఉచితం, రూటర్ తీసి సర్దేలోపు రైలొస్తుంది. ఫోన్‌నే కలుపుకోండి.

కంపెనీ గెస్ట్ హౌస్‌లో యూజర్‌నేమ్, పాస్‌వర్డ్ రెండూ వైఫై కలిసేటప్పుడే అడుగుతోంది. రూటర్ కలవడం లేదు.

అది ఎంటర్‌ప్రైజ్ రకం వైఫై. చాలా చిన్న రూటర్లకి అది చేతకాదు. అలాంటి చోట లాన్ సాకెట్ అడగండి, లేకపోతే ఫోన్‌ని యూఎస్‌బీ కేబుల్‌తో రూటర్‌కి గుచ్చి టెథరింగ్ (ఫోన్ డేటాని కేబుల్ మీద పంచడం) పెట్టుకోండి. యూఎస్‌బీ టెథరింగ్ పనిచేసే రూటర్ కొనడానికి ఇదొక కారణం.

కొత్తగా కొన్నాను. బయల్దేరేముందు ఏం చేయాలి?

పెట్టె విప్పకుండా సంచిలో వేసుకుని వెళ్ళకండి. రెండు రోజుల ముందు ఇంట్లో కూర్చుని సాఫ్ట్‌వేర్ అప్‌డేట్ చేయండి, అడ్మిన్ పాస్‌వర్డ్ మార్చండి, అడ్రస్ వరస మార్చండి. తర్వాత ఇంట్లో ఒకరి ఫోన్ హాట్‌స్పాట్‌నే హోటల్ వైఫై అనుకుని రూటర్‌ని దానికి కలపండి. ఇంకో ఫోన్‌లో నెట్ వస్తే మీకు సగం పని వచ్చినట్టే. రూటర్ పేజీ అడ్రస్, పాస్‌వర్డ్ చిన్న కాగితం మీద రాసి రూటర్ అడుగున అంటించండి. రాత్రి పదింటికి లాడ్జిలో అది గుర్తు రాక ఫోన్ చేసేవాళ్ళు నాకు తరచూ ఉంటారు.

రూమ్ ఖాళీ చేసేటప్పుడు?

హోటల్ వైఫై పేరుని రూటర్ జాబితాలోంచి తీసేయండి. మ్యాక్ అడ్రస్ మార్చి ఉంటే మళ్ళీ మామూలు దానికి తిప్పండి. రూటర్ ఎవరూ మర్చిపోరు గానీ దాని ఛార్జర్ మర్చిపోతారు, ఎందుకంటే అది మంచం వెనక సాకెట్‌లోనో ఫ్రిజ్ వెనకనో ఉంటుంది. వేలూరులో మేం ఖాళీ చేసి బస్టాండ్‌కి వచ్చాక నాన్నకి గుర్తొచ్చి, ఆటో తిప్పించి వెళ్ళి తెచ్చారు. అప్పటి నుంచి మా ఛార్జర్ తీగకి అమ్మ ఎర్ర ఊలు దారం కట్టింది, దూరం నుంచి కూడా కనిపించేలా.